లారీ ఢీకొట్టాక ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

లారీ, ట్రైలర్, టిప్పర్, ట్యాంకర్, కంటైనర్ ఏది గుద్దినా ఆ తర్వాత మనుషులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒక్కటే. చట్టం దేశానికొక రకంగా ఉంటుంది. అందుకే ఎక్కడైనా పనికొచ్చే సంగతులే ఎక్కువగా చెప్పాను. చట్టం ప్రస్తావన తప్పని చోట ఒకటి రెండు దేశాల ఉదాహరణలు ఇచ్చాను.

కారు గుద్దినా యాక్సిడెంటే, లారీ గుద్దినా యాక్సిడెంటే కదా. తేడా ఏముంది?

మొదటి తేడా బరువు. మామూలు కారు ఒకటిన్నర టన్నులు ఉంటుంది. నిండా లోడున్న ట్రైలర్ లారీ అమెరికాలో సుమారు 36 టన్నులు, యూరప్‌లో సాధారణంగా 40 టన్నుల దాకా ఉండొచ్చు. గంటకు 105 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న లోడు లారీ పూర్తిగా ఆగాలంటే సుమారు 160 మీటర్లు కావాలి. అదే వేగంలో కారుకు 95 మీటర్లు చాలు. డ్రైవర్ ఎంత మంచివాడైనా ఈ లెక్క మారదు.

రెండో తేడా గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కారు వెనక ఒక మనిషి ఉంటే, లారీ వెనక ఒక వ్యాపారం ఉంటుంది. డ్రైవర్ ఒకరు, ఓనరు ఇంకొకరు, సరుకు మరొకరిది, లోడు ఎక్కించినవాళ్ళు వేరే. పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ అయితే కబురు అందగానే వాళ్ళ మనిషి, ఇన్సూరెన్స్ మనిషి స్పాట్‌కి బయల్దేరతారు. మీరేమో అప్పటికి స్ట్రెచర్ మీద ఉంటారు. గాయం మీ ఒంటిమీద, ఆధారాలు వాళ్ళ చేతిలో. కింద చెప్పేదంతా చాలావరకు ఈ ఒక్క సంగతి గురించే.

గుద్దిన వెంటనే, మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

ఇంజన్ ఆపండి, హజార్డ్ లైట్లు వేయండి. నడవగలిగితే రోడ్డు దిగి, బారికేడ్ ఉంటే దాని అవతలికి వెళ్ళండి. రెండు బండ్ల మధ్య మాత్రం నిలబడొద్దు. వెనక నుంచి వచ్చే మూడో బండి వల్ల పోయే ప్రాణాలు తక్కువేమీ కాదు.

తర్వాత ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి. భారత్‌లోనూ, యూరప్ దేశాల్లోనూ 112, అమెరికాలో 911. "యాక్సిడెంట్ అయింది, త్వరగా రండి" అంటే సరిపోదు. లారీ అని చెప్పండి, ఎవరైనా ఇరుక్కుపోయారా, పొగ కానీ వాసన కానీ వస్తోందా చెప్పండి. దాన్నిబట్టి అంబులెన్స్ ఒక్కటే పంపాలా, ఫైరింజన్, క్రేన్ కూడా పంపాలా అన్నది వాళ్ళు తేల్చుకుంటారు.

రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. బాగా తడిసిందని గుడ్డ తీసెయ్యకుండా దానిమీదే ఇంకోటి పెట్టండి. మంటలో, కూలిపోయే ప్రమాదమో ఉంటే తప్ప గాయపడిన మనిషిని కదపొద్దు. ఊపిరి ఆడకపోతే తప్ప హెల్మెట్ లాగొద్దు. పాపం దాహం అంటున్నాడని నీళ్ళు తాగించొద్దు. ఆపరేషన్ అవసరం పడితే మత్తు ఇచ్చేటప్పుడు అదే ఇబ్బంది అవుతుంది.

గుద్దింది ట్యాంకర్. దగ్గరికి వెళ్ళొచ్చా?

ముందు దూరం జరగండి, చూడటం తర్వాత. చాలా దేశాల్లో ప్రమాదకర సరుకు మోసే బండ్లకు నారింజ రంగు పలక, దానిమీద అంకెలు ఉంటాయి. అందులోని నాలుగంకెల నంబరే సరుకు గుర్తు: 1203 అంటే పెట్రోలు, 1075 అంటే ఎల్‌పీజీ, 1005 అంటే అమ్మోనియా. యూరప్ తరహా పలకల మీద పై అంకెల ముందు ఎక్స్ అక్షరం ఉంటే ఆ సరుకు నీళ్ళు తగిలితే ప్రమాదకరంగా మారుతుందని అర్థం. దూరం నుంచే ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఆ నంబరు చదివి ఎమర్జెన్సీ వాళ్ళకు చెప్పగలిగితే అంతకు మించిన సాయం లేదు.

గాలి ఎటునుంచి వీస్తుందో అటువైపు నిలబడండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి పల్లానికి పారి గుంటల్లో, కాలవల్లో చేరుతుంది. రోడ్డు పక్క గోతిలోకి దిగి "సేఫ్‌గా" కూర్చోవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. గ్యాస్ వాసన వస్తుంటే బండి స్టార్ట్ చేయొద్దు. కారుతున్న పెట్రోలు పట్టుకుందామని డబ్బాలతో వచ్చేవాళ్ళను వారించండి. వినకపోతే మీరైనా దూరంగా ఉండండి.

కారు ట్రైలర్ కిందికి దూరిపోయింది. అందరం కలిసి వెనక్కి లాగెయ్యొచ్చా?

వద్దు. ట్రైలర్ బరువు ఇప్పుడు కారు టాప్ మీద ఎలా ఆనుకుని ఉందో బయటినుంచి తెలియదు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ట్రైలర్ అయితే పైపు తెగి గాలి పోయిన కొద్దీ ఇంకా కిందికి దిగొచ్చు. లారీని ముందుకు కదపమని డ్రైవర్ని కేకలు వేయడం కూడా అంతే ప్రమాదం. లారీ చక్రాలకు రాళ్ళో చెక్కలో అడ్డం పెట్టి, లోపలున్న మనిషితో మాట్లాడుతూ ఉండండి. మెడ తిప్పొద్దని పదేపదే చెప్పండి.

నాకేం కాలేదు, గీతలే పడ్డాయి. హాస్పిటల్‌కి వెళ్ళాలా?

వెళ్ళాలి, అదీ ఆరోజే. యాక్సిడెంట్ అయ్యాక ఒంట్లో అడ్రినలిన్ పొంగి కొన్ని గంటలపాటు నొప్పి తెలియనివ్వదు. మెడ పట్టెయ్యడం, నడుము నొప్పి చాలామందికి మర్నాడు పొద్దున లేచాకే తెలుస్తాయి. ఇవి పర్వాలేదు, ఇంకా పెద్దవి మూడున్నాయి.

ఒకటి, తల. దెబ్బ తగిలాక కాసేపు స్పృహ తప్పి, లేచి మామూలుగా మాట్లాడి, కొన్ని గంటల తర్వాత మళ్ళీ కుప్పకూలేవాళ్ళు ఉంటారు. పుర్రె లోపల రక్తం గూడుకట్టి మెదడును నొక్కడం వల్ల అలా జరుగుతుంది. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, ఎంత లేపినా మత్తుగా పడుకుంటున్నా మళ్ళీ ఎమర్జెన్సీకే వెళ్ళాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి.

రెండు, పొట్ట. సీటు బెల్టు తగిలినచోట పొట్టమీద అడ్డంగా ఎర్రటి కమిలిన గీత ఉందేమో చొక్కా ఎత్తి చూసుకోండి. బెల్టు ప్రాణం కాపాడిందని సంతోషపడాల్సిందే, కానీ ఆ గీత ఉన్నప్పుడు పేగులకో ప్లీహానికో దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. డాక్టర్లు దీన్ని ప్రత్యేకంగా వెతుకుతారు. వాళ్ళు అడక్కపోతే మీరే చూపించండి.

మూడోది లారీ చక్రాలకే ప్రత్యేకం. చక్రం కాలిమీదుగా వెళ్ళింది, ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది, చర్మం కూడా చిరగలేదు, అదృష్టవంతులం అని ఇంటికి వచ్చేస్తారు. ఆ బరువుకు చర్మం, దాని కింది కొవ్వు లోపలి కండరం నుంచి ఊడిపోయి ఉండొచ్చు. పైకి ఏమీ కనిపించదు. రెండు మూడు రోజుల్లో అక్కడ నీరు చేరి మెత్తగా ఊగుతుంది, లేదా చర్మం నల్లబడుతుంది. అందుకే "ఎముక విరగలేదు" అన్నంత మాత్రాన ఊరుకోకుండా "చక్రం ఎక్కింది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి, కాగితంలో రాయించండి.

ఆరోజే వెళ్ళమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. వారం తర్వాత వెళ్తే, ఆ నొప్పి యాక్సిడెంట్ వల్ల వచ్చిందేనా అన్న ప్రశ్న ఇన్సూరెన్స్ వైపు నుంచి తప్పకుండా వస్తుంది.

ఏ ఫోటోలు తీయాలి?

నలిగిపోయిన మీ బండిని ఎలాగూ అందరూ తీస్తారు. నేను చెప్పేది మిగతావాటి గురించి.

ముందు దూరం నుంచి నాలుగు వైపులా తీయండి. రెండు బండ్లు, రోడ్డు మీది గీతలు, మలుపు, సైన్ బోర్డులు కనపడాలి. బండ్లు జరిపేలోపే ఇది అయిపోవాలి. తర్వాత టైరు జారిన నల్లటి మరకలు మొదలైన చోటు నుంచి ఆగిన చోటు దాకా. మరకలు అసలు లేకపోతే ఆ ఖాళీ రోడ్డును కూడా తీయండి. బ్రేకే వేయలేదేమో, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) ఉండి మరక పడలేదేమో నిపుణులు తేలుస్తారు.

ఆపైన లారీ. ముందు నంబరు ప్లేటుతో పాటు ట్రైలర్ వెనక ప్లేటు కూడా. అవి రెండూ వేరువేరు నంబర్లు కావచ్చు, ఓనర్లు కూడా వేరు కావచ్చు. క్యాబిన్ తలుపు మీద రాసిన పేరు, ఫోన్ నంబరు, బరువు వివరాలు. టైర్ల అరుగుదల. తాళ్ళు, బెల్టులు, టార్పాలిన్, బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. వెనక లైట్లు, మెరిసే స్టిక్కర్లు.

ఈ చివరి మాట అనుభవంతో చెప్తున్నాను. మా బావమరిది రాత్రిపూట రోడ్డు వారగా ఆపి ఉన్న ట్రైలర్‌ను వెనక నుంచి గుద్దాడు. ఆగి ఉన్న బండిని గుద్దాడు కాబట్టి తప్పు వీడిదే అని అక్కడే అందరూ తీర్పు చెప్పేశారు. వాడి స్నేహితుడు తీసిన నలభై ఫోటోల్లో పనికొచ్చినవి రెండే. మొదటిదాంట్లో ట్రైలర్ వెనక లైటు, ఎర్ర స్టిక్కరు ఎండిన బురదలో పూర్తిగా కప్పబడిపోయి ఉన్నాయి. అరగంట తర్వాత తీసిన రెండోదాంట్లో అదే లైటు తళతళా మెరుస్తోంది, బురద మీద నాలుగు వేళ్ళ చారలు ఉన్నాయి. ఎవరో తుడిచారు. ఫోటోలో టైము ఉంది కాబట్టి సరిపోయింది.

లైటు పగిలిపోయినా దాన్ని పారెయ్యనివ్వకండి. పాతరకం బల్బు అయితే గుద్దిన క్షణంలో వెలుగుతోందో లేదో దాని ఫిలమెంటు, అంటే లోపలి సన్నటి తీగ, చెప్తుంది. వెలుగుతున్న ఫిలమెంటు వేడికి మెత్తగా ఉంటుంది కాబట్టి కుదుపుకు సాగి వంకర తిరుగుతుంది. ఎల్ఈడీ లైట్లకు ఈ ఉపాయం పనికిరాదు.

ఫోటోలు వాట్సాప్‌లో పంపి ఊరుకోవద్దు. అక్కడ సైజు తగ్గిపోతుంది, టైము వివరాలు పోతాయి. అసలు ఫైళ్ళను ఫోన్‌లోనే ఉంచి మరోచోట కూడా కాపీ పెట్టుకోండి.

లారీ డ్రైవర్‌తో ఏం మాట్లాడాలి?

ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. పేరు, లైసెన్స్, బండి కాగితాలు, ఇన్సూరెన్స్ వివరాలు, ఎక్కడ లోడు ఎత్తాడు, ఎక్కడికి తీసుకెళ్తున్నాడు. అతను కూడా షాక్‌లో ఉంటాడు. రాత్రంతా నడిపి ఉంటాడు. కొట్టడం, తాళాలు లాక్కోవడం నేరం, పైగా దానివల్ల మీ కేసే పాడవుతుంది. మీరూ "సారీ, నేను చూసుకోలేదు" లాంటి మాటలు అనొద్దు. మర్యాదకు అన్న మాట రేపు ఒప్పుకోలుగా కాగితమెక్కుతుంది.

"రాత్రంతా నిద్ర లేదు", "బ్రేకులు సరిగ్గా లేవని ఓనరుకు ముందే చెప్పాను" అని అతనే అన్నాడనుకోండి, వెంటనే ఫోన్‌లో అతని మాటల్లోనే రాసుకోండి. పక్కన విన్నవాళ్ళ పేరు, నంబరు తీసుకోండి.

ఓనరు ఫోన్ చేసి "పోలీసులెందుకు, మనమే సెటిల్ చేసుకుందాం" అంటున్నాడు.

వద్దు. బంపరు ఖర్చు ఈరోజు తెలుస్తుంది, ఒంటి ఖర్చు ఈరోజు తెలియదు. తెల్లకాగితం మీద "ఇక నాకు ఏ క్లెయిమూ లేదు" అని సంతకం పెట్టించుకున్నాక వెన్నెముకకు ఆపరేషన్ అన్నారంటే మళ్ళీ మొదటికి రావడం చాలా కష్టం. పోలీసు రిపోర్టు రాయించండి, కాపీ తీసుకోండి, రాసింది చదవండి. ట్రైలర్ నంబరు తప్పు పడటం, లారీ వచ్చిన దిక్కు తారుమారవడం తరచూ జరిగేవే.

లారీ ఆపకుండా వెళ్ళిపోతే?

వెంటపడొద్దు. నంబరు మొత్తం దొరక్కపోయినా రంగు, వెనక రాతలు, లోడు, ఎన్ని ఇరుసులు, ఎటు వెళ్ళిందో చెప్పండి. దారిలోని టోల్ గేట్లు, పెట్రోలు బంకులు, దుకాణాల సీసీ కెమెరాల్లో రికార్డు చాలాచోట్ల కొద్దిరోజులకే చెరిగిపోతుంది. అందుకని ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఆరోజే తిరిగి అడగాలి. బండి దొరక్కపోయినా పరిహారం ఇచ్చే ఏర్పాట్లు కొన్ని దేశాల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో 1946 నుంచి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో ఉంది, భారత్‌లో హిట్ అండ్ రన్ బాధితులకు ప్రత్యేక పథకం ఉంది. రెండిటికీ పోలీసు రికార్డు కీలకం.

బాధ్యత డ్రైవర్‌దేనా?

ఒక్క డ్రైవర్‌దే అనుకుంటే అక్కడే ఆగిపోతారు. పనిమీద నడుపుతున్నాడు కాబట్టి యజమానికి బాధ్యత ఉంటుంది. డ్రైవర్‌ను గంటలకొద్దీ నడిపించి ఉంటే అది కంపెనీ తప్పు కూడా. లోడు ఒరిగి పడితే ఎక్కించినవాళ్ళను, బ్రేకులు పోతే రిపేరు చేసినవాళ్ళను, టైరు తయారీలోనే లోపం ఉంటే తయారుచేసినవాళ్ళను, ట్రైలర్ వేరేవాళ్ళదైతే వాళ్ళను కూడా అడగొచ్చు. ఓవర్‌లోడు అనుమానం ఉంటే సరుకు బిల్లు, వేబ్రిడ్జి (లారీని తూచే కాటా) స్లిప్ ముఖ్యం.

లారీ కంపెనీ దగ్గర ఏ ఆధారాలు ఉంటాయి? అవి మాయం కాకుండా ఎలా?

మీరు ఊహించినదానికన్నా ఎక్కువే ఉంటాయి. డ్రైవర్ ఎన్ని గంటలు నడిపాడన్న రికార్డు, జీపీఎస్, డ్యాష్‌క్యామ్, ఫోన్ కాల్స్, సర్వీసు కాగితాలు, ఇంజన్ కంప్యూటర్. ఈ కంప్యూటర్ సడన్ బ్రేకు పడినప్పటి వేగం, బ్రేకు, యాక్సిలరేటర్ వివరాలు దాచుకుంటుంది. కొన్ని ఇంజన్లలో ఆ బండిని మళ్ళీ నడిపి ఆపితే కొత్త రికార్డు పాతదానిమీద పడిపోతుంది. రిపేరు చేయించి రోడ్డెక్కించారంటే కథ కంచికే.

నడిపే గంటల లెక్క ఎందుకంటే, అమెరికాలో సరుకు లారీ డ్రైవర్ పది గంటల విరామం తర్వాత 11 గంటలకు మించి నడపకూడదు. యూరోపియన్ యూనియన్‌లో మామూలుగా రోజుకు 9 గంటలే, అదీ నాలుగున్నర గంటలకొకసారి 45 నిమిషాలు ఆగాలి. ఆ రికార్డులను అమెరికాలో కంపెనీ 6 నెలలు ఉంచితే చాలు, యూరప్‌లో కనీసం ఏడాది. ఆ తర్వాత చెరిపేసినా తప్పు పట్టలేం. మత్తు పరీక్షలకైతే గడువు గంటల్లోనే. అమెరికాలో పెద్ద ప్రమాదాల తర్వాత డ్రైవర్‌కు మద్యం పరీక్ష 8 గంటల్లో, డ్రగ్స్ పరీక్ష 32 గంటల్లో జరగాలి.

అందుకే మొదటి వారంలోనే రాతపూర్వకంగా నోటీసు పంపాలి, అందినట్టు రుజువు ఉంచుకోవాలి. లాయరు రాస్తే మంచిది. ఆలస్యమవుతుంటే మీరే ఇలా రాయొచ్చు:

"ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చోట మీ లారీ (నంబరు), ట్రైలర్ (నంబరు) మా వాహనాన్ని ఢీకొన్నాయి. ఈ ప్రమాదానికి సంబంధించిన ఇంజన్ కంప్యూటర్ డేటా, జీపీఎస్, కెమెరా రికార్డులు, డ్రైవర్ పనిగంటల వివరాలు, అంతకు ముందు ఆరు నెలల సర్వీసు కాగితాలు, లోడు కాగితాలు చెరపకుండా, మార్చకుండా భద్రపరచవలసిందిగా కోరుతున్నాము. మా తరఫు నిపుణుడు పరిశీలించే వరకు లారీని, ట్రైలర్‌ను రిపేరు చేయవద్దు, అమ్మవద్దు."

ఇందులో ఆరోపణలు, తిట్లు పెట్టొద్దు. ఈ నోటీసు అందాక కూడా చెరిపేస్తే, చాలా దేశాల్లో కోర్టు దాన్ని వాళ్ళకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

వాళ్ళ ఇన్సూరెన్స్ నుంచి ఫోన్ చేసి "ఊరికే రికార్డింగ్ కోసం" వివరాలు అడుగుతున్నారు.

అవతలి ఇన్సూరెన్స్‌కు రికార్డు చేసిన వాంగ్మూలం ఇవ్వాల్సిన తొందర మీకు లేదు. "ఇప్పుడెలా ఉన్నారండీ?" అని అడుగుతారు, మనం అలవాటుగా "బాగానే ఉన్నానండీ" అంటాం. అంతే, అయిపోయింది. చికిత్సలో ఉన్నాను, రాసి పంపండి అని పెట్టెయ్యండి. మీ సొంత ఇన్సూరెన్స్ సంగతి వేరు. వాళ్ళకు ఆలస్యం లేకుండా చెప్పాలి, నిజమే చెప్పాలి. కేసు నడిచినన్నాళ్ళూ ఫేస్‌బుక్‌లో పెళ్ళి ఫోటోలు పెట్టడం కూడా మానుకోండి.

కొంచెం తప్పు నాది కూడా. అయినా పరిహారం వస్తుందా?

చాలాచోట్ల మీ తప్పు ఎంత శాతమో అంత కోసి మిగతాది ఇస్తారు. కొన్ని చోట్ల కఠినం: అమెరికాలోని మేరీల్యాండ్, వర్జీనియా, అలబామా, నార్త్ కరోలినాలలో సాధారణంగా ఒక్క శాతం తప్పున్నా ఏమీ రాకపోవచ్చు. కాబట్టి శాతాలు మీకు మీరే తేల్చుకోవద్దు, ఎవరితోనూ అనొద్దు.

లాయరు అవసరమా? గడువు ఎంత ఉంటుంది?

బండికి సొట్ట మాత్రమే పడితే అక్కర్లేదు. హాస్పిటల్‌లో చేరినా, ఎముక విరిగినా, మనిషి పోయినా తప్పకుండా పెట్టుకోండి. లారీ కేసులు చేసిన అనుభవం ఉందా అని అడగండి. ఇంజన్ డేటా గురించి మాట్లాడితే మొహం తెల్లబోయేవాళ్ళను వదిలెయ్యండి. హాస్పిటల్ గుమ్మం దగ్గరే కార్డు చేతిలో పెట్టేవాళ్ళను అంతకన్నా ముందు వదిలెయ్యండి.

గడువులు చాలా తేడాగా ఉంటాయి. బ్రిటన్‌లో గాయాల కేసులకు సాధారణంగా 3 ఏళ్ళు, కాలిఫోర్నియా, టెక్సస్‌లలో 2 ఏళ్ళు. భారత్‌లో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ట్రిబ్యునల్‌కు (యాక్సిడెంట్ పరిహారం కేసులు వినే ప్రత్యేక కోర్టు) వెళ్ళడానికి 6 నెలల గడువు పెట్టింది. లారీ ప్రభుత్వానిదో మునిసిపాలిటీదో అయితే గడువు ఇంకా తగ్గొచ్చు. కాలిఫోర్నియాలో అలాంటి గాయాల క్లెయిమ్‌కు 6 నెలలే.

నెల దాటింది. హారన్ వింటే గుండె దడ, నిద్ర పట్టడం లేదు.

మొదటి కొన్ని వారాలు ఈ టెన్షన్ మామూలే. నెల దాటినా అదే దృశ్యం కళ్ళముందుకు వస్తుంటే, రోడ్డెక్కడమే మానేస్తుంటే డాక్టరుకు చెప్పండి. ఇది గాయమే, చికిత్స ఉంది, పరిహారంలో కూడా లెక్కలోకి రావచ్చు.

నలిగిన బండిని, ఆరోజు వేసుకున్న బట్టలను ఏం చేయాలి?

నిపుణుడు చూసి ఫోటోలు తీసేదాకా బండిని స్క్రాప్‌కు ఇవ్వొద్దు. పార్కింగ్ చార్జీ పెరుగుతోందని ఇన్సూరెన్స్ వాళ్ళు తొందరపెడితే మీ సమ్మతి లేకుండా తరలించొద్దని రాతలో చెప్పండి. పిల్లల సీటు కూడా ఉంచండి, కానీ మళ్ళీ వాడొద్దు. బట్టలు, చెప్పులు, హెల్మెట్ ఉతకొద్దు, తుడవొద్దు. వాటిమీద టైరు అచ్చు, లారీ రంగు ఉండొచ్చు. హాస్పిటల్‌లో కత్తిరించిన బట్టలను పారేసేలోపే అడిగి తీసుకోండి. ప్లాస్టిక్ కవర్లో కడితే తడికి బూజు పడుతుంది. నీడన ఆరనిచ్చి, దేనికది విడిగా కాగితం సంచిలో పెట్టి, పైన తేదీ, ఎవరివో, ఎవరు తెచ్చారో రాయండి.